కమాండో పుస్తకాల పెట్టె: పని ఎంతవరకు వచ్చిందంటే

మే

మావయ్య కమాండోలు ఎట్టకేలకు హైదరాబాదు చేరాయి. రెండు రేకుపెట్టెలు, విశాఖ నుంచి ట్రావెల్స్ బస్సు డిక్కీలో. పాత ఇల్లు బిల్డరుకి ఇచ్చేస్తున్నాడు కాబట్టి, "ఒరే, కాటాకి వేసేయమంటావా, నువ్వు పట్టుకెళ్తావా?" అని ఫోన్లో అడిగాడు. అడగడం మర్యాదకే. పూర్ణా మార్కెట్ దగ్గర పాత పేపర్ల కొట్లో కాటా లెక్కన కొన్నవాటిని మళ్లీ కాటాకి వేయడానికి ఆయనకి చేతులు రావు.

కమాండో ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కాట్లండ్‌లోని డండీ ఊళ్లో డి.సి. థామ్సన్ సంస్థ 1961 జులైలో మొదలుపెట్టిన యుద్ధకథల బొమ్మల పుస్తకం ఇది, ఇప్పటికీ వస్తోంది. చేతిలో ఇమిడే సైజు, లోపలంతా నలుపు తెలుపు, పేజీకి రెండో మూడో బొమ్మలు, పుస్తకానికి ఒకే కథ. అట్ట మీద మాత్రం రంగులు దద్దరిల్లిపోతాయి. పేరుతో పాటే ఒక బాకు బొమ్మ. అది ఫెయిర్‌బెర్న్ సైక్స్ బాకు, యుద్ధంలో బ్రిటిష్ కమాండోలు వాడిందే. దీనికి మూడేళ్ల ముందు, 1958లో, లండన్ నుంచి వార్ పిక్చర్ లైబ్రరీ దాదాపు ఇదే సైజులో వచ్చింది. ఆ తర్వాత బ్యాటిల్, ఎయిర్ ఏస్ అంటూ దాని తమ్ముళ్లు. మన దగ్గర అన్నింటినీ కలిపి "కమాండో" అనేస్తారు. పెట్టెల్లోనూ అన్నీ కలిసే ఉన్నాయి.

పాత కామిక్సు సేకరించేవాళ్లకి అసలు యుద్ధం నడుస్తుండగా అచ్చయినవాటి మీద మోజు ఎక్కువ. కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ పగలగొట్టే మొదటి సంచిక మీద 1941 మార్చి అని ఉంటుంది గానీ, 1940 డిసెంబరులోనే అంగళ్లకి వచ్చేసింది. అప్పటికి అమెరికా యుద్ధంలో దిగడానికి ఇంకా ఏడాది ఉంది. అవి ఇప్పుడు కోట్ల మాట. దొరక్కపోవడానికి కారణం కూడా యుద్ధమే. పాత కాగితాలు పోగుచేసి ఇవ్వడం దేశసేవ అని అక్కడి పిల్లలకి చెప్పారు, ఆ కుప్పల్లో వాళ్ల కామిక్సూ వెళ్లిపోయాయి. బ్రిటన్‌లో కాగితానికి రేషన్ పెట్టేసరికి ఇదే థామ్సన్ వాళ్ల పిల్లల కామిక్ పత్రికలు బీనో, డాండీ 1941 నుంచి వారం విడిచి వారం రావలసి వచ్చింది. నా జీతానికి అవి అందవు. అందినా నాకంత ఆశ లేదు. యుద్ధం ముగిసిన పదిహేను ఇరవై ఏళ్లకి, ఆ యుద్ధం చేసినవాళ్ల పిల్లలకి దాన్ని ఎలా చెప్పారన్నది నాకు కావాలి. మన ఊళ్ల ఫుట్‌పాత్‌ల మీదకి వచ్చిందీ, మావయ్య తరం చదివిందీ అదే.

మూత తీయగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే ముక్కవాసన. చాప మీద పరిచి నాలుగు కుప్పలు చేశాను. బాగున్నవి. పిన్నులు తుప్పు పట్టినవి. పురుగు ఆనవాళ్లున్నవి. నాలుగో కుప్ప చూస్తే కడుపు తరుక్కుపోయింది: ఎవరో అద్దె లైబ్రరీవాళ్లు పది పన్నెండేసి కలిపి కుట్టి, అంచులు కోసేసి, గట్టి అట్ట వేసిన బైండు పుస్తకాలు. కోతలో పైలట్ల నెత్తులు, ఓడల జెండాలు ఎగిరిపోయాయి.

మే చివర

చెద లేదు, అదృష్టం. ఉన్నది సిల్వర్ ఫిష్. సన్నగా, వెండిరంగులో, పేజీ తిప్పగానే మడతలోకి జారిపోయే పురుగు. దానికి కావలసింది గంజి, జిగురు, అట్ట మీది మెరుగుపూత. అందుకే లోపలి పేజీలు నిక్షేపంలా ఉన్నా అట్టల మీద మాత్రం పైపొర గీకేసినట్టు మచ్చలు.

మందు కొట్టడం నాకిష్టం లేదు. చలితో చంపడమే మేలు. ఒక్కో కట్టనీ జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, ఫ్రీజర్లో పడేస్తున్నాను. ఇంటి ఫ్రీజరు మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది కాబట్టి వారంతో సరిపెట్టకుండా రెండు వారాలు ఉంచుతున్నా. అసలు జాగ్రత్త బయటికి తీశాకే. చల్లటి కాగితానికి గాలిలో తేమ ఇట్టే పట్టేస్తుంది, అందుకని గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. మా ఆవిడ మొదట "ఐస్‌క్రీం పక్కన పురుగులేంటండీ?" అంది. బఠానీల సీజను అయిపోయింది కదా అని తర్వాత తనే కింది అర ఖాళీ చేసిచ్చింది.

కలరా ఉండలు మొత్తం తీసి పారేశాను. ఆ ఆవిరి మన ఊపిరికి మంచిది కాదు, కాగితానికి పట్టిన వాసన ఏళ్లు గడిచినా వదలదు.

జూన్

నెలంతా పిన్నులతోనే సరిపోయింది.

పుస్తకం మొత్తాన్ని నడిమి పేజీ దగ్గర పట్టి ఉంచేవి రెండు స్టేప్లర్ పిన్నులు. విశాఖ ఉప్పుగాలిలో అరవై ఏళ్లు ఉంటే అవి ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు. పిన్ను పోయినా బాధ లేదు, చుట్టూ ఉన్న కాగితాన్నీ తినేస్తుంది. ముందు నారింజ రంగు వలయం, తర్వాత కంత, ఆ తర్వాత నడిమి నాలుగు పేజీలు ఊడి చేతికొస్తాయి. ఫుట్‌పాత్ మీద దొరికే కమాండోల్లో సరిగ్గా కథ మలుపు తిరిగే చోట పేజీలు ఎందుకుండవో ఇప్పుడు అర్థమైంది.

తీసే పద్ధతి ఇలా కుదిరింది. పుస్తకాన్ని నడిమి పేజీ దగ్గర విప్పి బల్ల మీద పరుస్తాను. పిన్ను కాళ్ల కింద పాలిస్టర్ షీటు ముక్క దూరుస్తాను, పనిముట్టు జారినా కాగితం గీసుకోకుండా. సన్నటి మొద్దు చాకుతో ఒక్కో కాలూ పైకి లేపి నిటారుగా నిలబెడతాను. అప్పుడు పుస్తకం తిప్పి, వెన్ను వైపు నుంచి చిన్న పట్టకారుతో వంకర లేకుండా లాగడం. షాపుల్లో అమ్మే పిన్ను తీసే పరికరం దీనికి పనికిరాదు, దాని కోరలు వెన్ను చింపేస్తాయి. కాలు మధ్యలో విరిగితే కంగారు పడక్కర్లేదు, రెండు ముక్కలుగా ఇంకా తేలిగ్గా వస్తుంది. తుప్పు పొడిని మెత్తటి బ్రష్షుతో బయటికి తోసేయాలి, తడి బట్ట అసలు తగలకూడదు. కంత పెద్దదైతే జపనీస్ టిష్యూ అనే పలచటి పీచు కాగితం చించి, పలచటి గోధుమ గంజితో లోపలి వైపు అతికిస్తున్నా. కత్తిరించిన ముక్క కన్నా చేత్తో చించిన ముక్కే మంచిది; పీచు అంచు కాగితంలో కలిసిపోతుంది.

మళ్లీ పిన్ను కొట్టాలా, దారంతో కుట్టాలా? స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు దొరుకుతాయి. పాత వస్తువుకి పాత పిన్నే ఉండాలని పట్టుబట్టే సేకర్తలూ ఉన్నారు. నేను పాత కంతల్లోంచే నూలు దారంతో కుట్టేస్తున్నాను. ఇవి చదవడానికి, అద్దాల పెట్టెలో పెట్టడానికి కాదు.

ఈ పనిలో నవ్వొచ్చిన పుస్తకం ఒకటి. నడిమి పేజీలో జర్మన్ ఆఫీసరు తుపాకీ ఎత్తి అరుస్తున్నాడు. పిన్ను తుప్పు సరిగ్గా అతని మాటల బుడగ మీద దిగి "ఆఖ్‌టుంగ్!"లో సగం మింగేసింది. మావయ్యా ఆయన స్నేహితులూ నేర్చిన జర్మన్ మొత్తం ఈ పుస్తకాల్లోదే. ఆఖ్‌టుంగ్, ష్నెల్, డోనర్‌వెట్టర్, గాట్ ఇన్ హిమ్మెల్. మహారాణీపేట వీధుల్లో క్రికెట్ ఆడుతూ ఇవే తిట్లు తిట్టుకునేవాళ్లట.

కాగితం సంగతి కూడా రాసిపెట్టుకుంటాను. ఇది చెక్కగుజ్జు న్యూస్‌ప్రింటు. అందులో మిగిలిపోయిన లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకీ గాలికీ పసుపు తిరుగుతుంది, కాగితంలో ఆమ్లం పెరిగి పెళుసుబారుతుంది. వెనక్కి తిప్పే మార్గం ఇంట్లో లేదు, ఆలస్యం చేయడమే. పాలీప్రొపిలీన్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, నిలువుగా నిలబెట్టిన పెట్టె, వెలుతురు పడని అలమర. పీవీసీ కవర్లు వద్దు. బైండింగ్ షాపుల్లో "లామినేషన్ చేసిస్తాం సార్, నూరేళ్లు ఉంటది" అంటారు, వాళ్ల మాట వినొద్దు. సెల్లో టేపు వేసినచోట పసుపు చార ఉండిపోతుంది, దాన్ని గీకితే బొమ్మ కూడా పోతుంది.

జులై

వానలు. అలమరలో పెట్టిన తేమ మీటరు 70 దాటుతోంది. సిలికా జెల్ సంచులు పెట్టి, రెండ్రోజులకోసారి వేయించి మళ్లీ పెడుతున్నా. పుస్తకాలు విప్పే పని ఆపేసి ఎక్సెల్లో కూర్చున్నాను.

తేదీలు కట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. అట్ట మీద సంవత్సరం ఉండదు, నంబరూ ధరా ఉంటాయి. ధరే దారి చూపిస్తుంది. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ పాత షిల్లింగుల లెక్క వదిలేసి పౌనుకి నూరు పెన్నీల లెక్కకి మారింది. మొదటి కమాండో ఒక షిల్లింగు. షిల్లింగు గుర్తు మాత్రమే ఉంటే ఆ తేదీకి ముందుది, కొత్త పెన్నీ గుర్తు "పి" మాత్రమే ఉంటే తర్వాతది, రెండూ ఉంటే మారే రోజులది. మన దగ్గరి చాలా పుస్తకాలకి ధర ఉన్న మూల మీదే అద్దె షాపు రబ్బరు స్టాంపు కొట్టి ఉంది. భూతద్దం పెట్టి చూడాల్సి వస్తోంది.

చిక్కు మరోచోట ఉంది. థామ్సన్ వాళ్లు కొన్నేళ్లు పోయాక పాత కథలనే కొత్త నంబరుతో మళ్లీ వేస్తారు. డూప్లికేటు అనుకుని పక్కన పెట్టబోయినవి రెండు ముద్రణలని తేలింది. అందుకే ఎక్సెల్లో కథకి ఒక వరస, పుస్తకానికి ఒక వరస విడివిడిగా పెట్టాను.

రాసినవాళ్ల పేర్లు, గీసినవాళ్ల పేర్లు ఈ పాత వాటిలో లేవు. చేతివాటం బట్టి పోల్చుకోవాలి. అట్ట మీద విమానం ఉండి, లోహం మీద వెలుతురు పడిన తీరు నమ్మేలా ఉంటే ముందు ఇయాన్ కెనడీ అనుకుని మొదలుపెడతాను. 2022లో పోయాడు, ఆయన వేసిన కమాండో అట్టలు వెయ్యి దాటాయి. వార్ పిక్చర్ లైబ్రరీ కుప్పలో ఇంకో చెయ్యి కనబడుతోంది: నీడలు ఒత్తుగా, ముఖాలు సగం చీకట్లో. హ్యూగో ప్రాట్ అని నా అనుమానం. ఆ ఇటలీ చిత్రకారుడు అప్పట్లో లండన్ వాళ్లకి ఈ యుద్ధకథలు గీశాడు. ఆయన చిన్నతనం ఇటలీ ఆక్రమించిన ఇథియోపియాలో గడిచింది. సైన్యంలో ఉన్న తండ్రి 1941లో బ్రిటిష్‌వాళ్లకి పట్టుబడి బందీగానే చనిపోయాడు. ఆ కొడుకే పెద్దయ్యాక పొట్టకూటికి బ్రిటిష్ సైనికుల వీరగాథలు గీశాడు. తూర్పు ఆఫ్రికాని ఇటలీ నుంచి తీసుకున్న ఆ బ్రిటిష్ సేనలో మన 4వ, 5వ ఇండియన్ డివిజన్లు ఉన్నాయి. ఎరిట్రియాలోని కెరెన్ కొండల మీద 1941 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోరాడింది వాళ్లే. ఇది గుర్తొచ్చాకే ఎక్సెల్లో ఇంకో కాలమ్ పెట్టాలనిపించింది.

ఆగస్టు

ఆదివారం ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలే. కమాండోలు ఇదివరకులా కుప్పలుగా లేవు. నేను అడిగితే పుస్తకాలాయన నవ్వాడు.

"కమాండోనా సార్? గవి వస్తే నిమిషం ఆగవ్. ఒకాయన వారం వారం వస్తడు, ఉన్నయన్నీ ఎత్కపోతడు."

"ఎవరాయన?"

"మీ లెక్కనే. తెల్లగడ్డం, భుజానికి సంచి. బేరం కూడ చెయ్యడు."

బేరం చేయనివాడితో పోటీ పడటం ఎవరితరం? అయినా చిరిగినవి కొన్ని తెచ్చుకున్నా. అట్టలేని పుస్తకం చవగ్గా వస్తుంది, దాని నడిమి పేజీలు మావయ్య పుస్తకానికి సరిపోవచ్చు.

గ్రేడింగ్ గురించి ఒక్క మాట. అమెరికాలో కంపెనీలు కామిక్‌ని పరీక్షించి, అర నుంచి పది వరకు మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసేసి ఇస్తాయి. ఆ మార్కులో ఒక్క పాయింటు తేడాకి ధర ఎక్కడికో పోతుంది. పెట్టుబడిగా చూసేవాళ్లకి సరే. తెరవలేని పుస్తకం నాకెందుకు?

సెప్టెంబరు

కథల సూచిక మొదలైంది. కాలమ్‌లు: యుద్ధరంగం, హీరో ఏ దళం, శత్రువు ఎవరు, కథకి ముడి ఏమిటి, భారతీయుడు కనబడ్డాడా, కనబడితే అతనికి పేరుందా.

ముడులు అరడజనుకి మించి లేవు. పిరికివాడని పేరుబడ్డవాడు చివర్లో ఒంటరిగా మెషిన్ గన్ గూడు పట్టేస్తాడు. తండ్రి మీద పడ్డ మచ్చని కొడుకు తుడిచేస్తాడు. ఇద్దరు స్నేహితులు, మధ్యలో ఒక అపార్థం, మూడో దేశంలో రాజీ. ఒక బాకో, ఉంగరమో, పతకమో చేతులు మారుతూ పోయి పట్టుకున్నవాడినల్లా ముంచుతుంది. ఇవంటే నాకు మహా ఇష్టం. ఆడవాళ్లు లేరనే చెప్పాలి. రక్తం కూడా లేదు. గుండు తగిలినవాడు "ఆర్గ్!" అని గాల్లోకి చేతులెత్తి బొమ్మ చట్రం బయటికి పడిపోతాడు.

శత్రువు కాలమ్ ఆసక్తిగా ఉంది. జర్మన్లలో మంచివాడు అప్పుడప్పుడు దొరుకుతాడు. నాజీ ఆఫీసరుకి ఎదురు తిరిగిన పాత సైనికుడో, గాయపడ్డ శత్రువుకి నీళ్లిచ్చిన పైలటో. ఇటలీవాళ్లు చేతులెత్తేసేవాళ్లు. జపాన్‌వాళ్లకి మాత్రం ఈ పెట్టెల్లోని అరవైల పుస్తకాల్లో ఆ పాటి దయ కూడా దక్కలేదు. కళ్లద్దాలు, పళ్లు, "బాంజాయ్!" అంతే. పేరున్న జపాన్ సైనికుడి కోసం ఇంకా వెతుకుతున్నాను.

ఇక ఆఖరి రెండు కాలమ్‌లు. బర్మా కథల్లో మనవాళ్లు కనబడతారు. కుక్రీ కత్తి పట్టి చీకట్లో పాకే గూర్ఖా. తలపాగాతో ఒకే ఒక్క బొమ్మలో సెల్యూట్ కొట్టి "సాహిబ్" అనే సిక్కు. పెట్టెలు మోసేవాళ్లు. "పేరుందా" కాలమ్ మాత్రం పైనుంచి కిందకి ఖాళీగా పోతోంది. ఉన్నచోట "సింగ్". ఉత్తర ఆఫ్రికా ఎడారి కథల్లోనైతే ఆ ఒక్క బొమ్మ కూడా లేదు; ఇసుకలో ఉన్నది బ్రిటిష్‌వాళ్లు, ఆస్ట్రేలియావాళ్లు, జర్మన్ సేనాని రోమెల్.

ఇప్పుడు అసలు లెక్క పక్కన పెట్టి చూస్తే ఆ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకి చేరింది, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. చనిపోయినవాళ్లు 87 వేల పైమాటే. బర్మాలో బ్రిటిష్ జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. 4వ ఇండియన్ డివిజన్ ఒక్కటే సీదీ బరానీ, కెరెన్, ఎల్ అలమీన్, మోంటే కసీనో పోరాటాలన్నీ చూసింది. కమాండోకి కావలసిన సరుకంతా వీళ్ల దగ్గర ఉంది. ప్రేమీంద్ర సింగ్ భగత్ అనే కుర్ర ఇంజనీరు అధికారి 1941లో అబిసీనియాలో (అదే ఇథియోపియా) నాలుగు రోజుల పాటు రోడ్డు మీద మందుపాతరలు ఏరుతూ పోయాడు, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో దగ్గర సుబేదార్ సుబ్రమణియన్ పేలబోతున్న మందుపాతర మీద తన ఒళ్లు అడ్డం వేసి తోటివాళ్లని కాపాడి చనిపోయాడు, జార్జి క్రాస్ అనే శౌర్య పతకం ఇచ్చారు. ఆయన మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళం మనిషి. తెలుగువాళ్లు చేరే దళం అది. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఎందుకంటారో ఆ చుట్టుపక్కలవాళ్లని అడిగితే చెబుతారు: రెండు ప్రపంచయుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు.

డండీ ప్రెస్సువాళ్ల మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ల ఊరి కుర్రాడు షిల్లింగు పెట్టి కొనేది వాళ్ల నాన్న కథ. నా గొడవంతా ఆ పుస్తకాలు విశాఖలో చదివిన కుర్రాడితో. అందుకే ఆయనకే ఫోన్ చేశాను.

"మావయ్యా, ఇన్ని చదివావు కదా, మనవాళ్లెవరూ లేరని ఎప్పుడూ అనిపించలేదా?"

"మనవాళ్లు ఆ యుద్ధంలో ఉన్నారని ఎవరైనా చెప్తే కదరా, లేరని తెలియడానికి," అన్నాడు. కాసేపాగి, "బళ్లో కూడా చెప్పలేదు," అన్నాడు.

అక్టోబరు

దసరా సెలవుల్లో ఆ యుద్ధంలో హైదరాబాదు పేరు ఎక్కడుందా అని వెతికాను. సరదాకి మొదలుపెట్టి ఎక్కడికో పోయాను.

1918లో నిజాం డబ్బుతో వచ్చిన విమానాల వల్ల రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కి "హైదరాబాద్" పేరు వచ్చింది. ఒక్కో విమానం మీదా ఇది నిజాం కానుక అని రాయించారు. రెండో యుద్ధానికి 152, 253 స్క్వాడ్రన్లూ ఆ పేరు పెట్టుకున్నాయి. 1940లో బ్రిటన్ మీద జర్మన్ విమానాలు విరుచుకుపడినప్పుడు 152 స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలతో, 253 హరికేన్ యుద్ధవిమానాలతో ఎదుర్కొన్నాయి. 152 చిహ్నం నిజాం తలపాగా, దాని నినాదం "నమ్మకమైన మిత్రుడు". అది నిజాం బిరుదు. 1943 చివర్లో ఈ స్క్వాడ్రన్ బర్మా సరిహద్దుకి వచ్చింది. అక్కడి దాని స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ, స్క్వాడ్రన్ గుర్తుగా యు, ఎం అక్షరాలు.

కాబట్టి పెట్టెల్లోని బర్మా స్పిట్‌ఫైర్లన్నీ భూతద్దం కింద పెట్టాను. చిరుత లేదు. అసలు స్క్వాడ్రన్ నంబర్లే ఎక్కువభాగం కల్పితాలు, అక్షరాలు చిత్రకారుడి చేతికి వచ్చినవి. విమానం రివెట్ల వరకు కచ్చితంగా గీసి, అక్షరాల దగ్గర మాత్రం వదిలేస్తారు.

19వ హైదరాబాద్ రెజిమెంటు కథ ఇంకో తమాషా. పేరు మనది, మనుషులు ఎక్కువగా ఉత్తరాదివాళ్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మార్చేశారు. మన సంస్థానం సైన్యం వేరు. 1941 డిసెంబరు 8 తెల్లవారకముందే జపాన్ సేనలు మలయాలో కోటా భారు ఒడ్డున దిగాయి, పెర్ల్ హార్బర్ మీద ఇంకా బాంబు పడకముందే. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్న దళాల్లో నిజాం వారి ఒకటో హైదరాబాద్ ఇన్ఫంట్రీ ఒకటి. పసిఫిక్ యుద్ధం మొదటి గంటల్లోనే హైదరాబాదు సిపాయి ఉన్నాడన్నమాట. కమాండో కథకి ఇంతకన్నా మొదటి పేజీ ఏం కావాలి?

ఇదే నెలలో నేవీ కుప్ప తెరిచాను. ఒక పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిలుతో మావయ్య కుర్రకాలపు అక్షరాలు: "మన ఊరి మీద 6-4-42. అమ్మ చూసింది." ఆ పుస్తకం కథకీ ఆ మాటకీ సంబంధం లేదు, అందులో ఉన్నది అట్లాంటిక్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ముందురోజే కొలంబో అయింది, మూడు రోజులకి ట్రింకోమలీ. విశాఖ జనం సామాన్లు ఎడ్లబళ్లకెత్తి లోపలి ఊళ్లకి పోయారు; అమ్మమ్మ వాళ్లు విజయనగరం దారి పట్టారట. బీచ్ రోడ్డు మ్యూజియంలో అప్పటి పేలని బాంబు తొడుగుని చూపిస్తారు.

మావయ్యని అడిగితే ఆ రాత ఆయనకి గుర్తు లేదు. "రాసే ఉంటాన్లే. పుస్తకంలో మన ఊరు రాకపోతే నేనే రాసుకున్నానేమో," అన్నాడు.

ఆ పుస్తకాన్ని శుభ్రం చేసేటప్పుడు లోపలి అట్టని రబ్బరు స్పాంజితో ముట్టుకోలేదు.

నవంబరు

వానలు వెనకబట్టాయి, తేమ మీటరు 50 దగ్గరికి దిగింది. మళ్లీ చేతిపని.

బైండు పుస్తకాల సంగతి తేలాలి. విచిత్రమేమిటంటే వాటి దరిదాపులకి పురుగు రాలేదు. పాతకాలం బైండింగువాళ్లు మైదా పేస్టులో మైలుతుత్తం కలిపి కాచేవారు, ఆ విషమే కాపాడింది. విప్పాలంటే వెన్నుకి పలచటి గంజి తడి పట్టించి పేస్టు నానబెట్టాలి, ఆ తడిలో అట్టల రంగు తేలిపోకుండా చూడాలి. చెడిపోయినా పరవాలేదనిపించిన ఒక సంపుటి మీద ప్రయత్నించాను: కుట్టు వచ్చింది, అట్టలు నిలబడ్డాయి, నాలుగు వెన్నులు మాత్రం పొరలు పొరలుగా ఊడాయి. మిగతావన్నీ విప్పాలా అంటే ఇప్పుడు వద్దనే అనుకుంటున్నా. అంచులు ఎలాగూ పోయాయి. పైగా మొదటి పేజీకి అతికించిన అద్దె చీటీలో తేదీలు, సంతకాలు ఉన్నాయి. ఒక సంపుటిని ఒకే సంతకం ఏడాది పొడుగునా మళ్లీ మళ్లీ తీసుకెళ్లింది. అందులో ఉన్నవన్నీ బర్మా కథలే. వాటిని సంపుటాలుగానే స్కాన్ చేస్తాను. పుస్తకాన్ని పూర్తిగా పరవకుండా, సగం తెరిచి పైనుంచి కెమెరాతో. అట్టలు విడిగా ఉన్నవాటికే ఫ్లాట్‌బెడ్ స్కానర్. మావయ్యకి ఇప్పుడు ఆ సన్నక్షరాలు ఆనడం లేదు, టాబ్లెట్లో పెద్దవి చేసి చూపిస్తే చదువుతానంటున్నాడు.

ఎక్సెల్లో రెండో షీటు మొదలుపెట్టాను. మొదటి షీటులో పుస్తకం చెప్పే యుద్ధం. రెండోదాంట్లో అదే రంగంలో, అదే నెలలో నిజంగా ఉన్న భారత దళాలు, వాటి పేర్లు. ఎడారి పూర్తయింది. ఇటలీ సగం. బర్మా దగ్గర ఆగాను, ఎందుకంటే అక్కడ పుస్తకాలే తక్కువ పడ్డాయి.

తెల్లగడ్డం ఆయన పోయిన ఆదివారం ఆబిడ్స్‌లో దొరికాడు. రిటైరైన రైల్వే మనిషి. బేరం చేయకపోవడం గురించి అడిగితే, "బేరం చేస్తూంటే ఇంకోడు పట్టుకుపోతాడు బాబూ," అన్నాడు. ఆయన దగ్గర బర్మావి బోలెడు ఉన్నాయట, నేవీ కథలు కావాలట. వచ్చే ఆదివారం డూప్లికేట్ల జాబితా ప్రింటు తీసుకెళ్తున్నాను. పెన్సిలు రాత ఉన్న పుస్తకం తప్ప నేవీ కుప్పలో ఏదైనా ఇస్తాను, ఒకటికి రెండు బర్మావి వస్తే.